కంప్యూటరు సంధానముల పూర్వోత్తరములు

మన పాఠశాల కంప్యూటరు గదిలో నొక మూల పాత ప్రింటరొకటి కలదు. సన్నని సూదులతో రిబ్బనుపై గొట్టి, చుక్కలు చుక్కలుగ నక్షరములను ముద్రించు డాట్ మ్యాట్రిక్సు ప్రింటరది. గత సంవత్సరము క్రొత్త కంప్యూటరులు వచ్చినప్పుడు దానిని పాతసామానులవానికి తూకమునకు వేయుదమని కొందఱు తలంచిరి. యంత్రమునం దే లోపమును లేదు. రిబ్బను మార్చినచో స్పష్టముగనే ముద్రించును. చిక్కెల్ల నొక్కటియే. దాని తీగ చివరనున్న 25 సూదుల వెడల్పు ముఖము దూరుటకు క్రొత్త కంప్యూటరునం దెచ్చటను చోటు లేదు. “పనిచేయు వస్తువు పనికిమాలిన దెట్లయ్యెనండీ?” అని తొమ్మిదవ తరగతి బాలుడొకడు నన్నడిగెను. ఆ ప్రశ్న చిన్నది, సమాధానము పెద్దది. దానినే యిచట వ్రాయుచున్నాను.

కంప్యూటరు లోపల లెక్కచేయు భాగమును, జ్ఞప్తియం దుంచుకొను భాగమును గలవు. ఇవి యెంత శీఘ్రముగ బనిచేసినను బయటివారితో సంబంధము లేనిచో నిరుపయోగములే. మనము చెప్పినది దానికి జేర్చుటకు కీబోర్డు, మౌసు, స్కానరు. అది చెప్పినది మనకు జేర్చుటకు తెఱ, ప్రింటరు మొదలగునవి కావలెను. వీనినే యుపాంగములందుము. ఒక యుపాంగమును కంప్యూటరునకు దీగతో గలుపుట సులభకార్యముగ దోచును. కాని యందు మూడు విషయములలో నొడంబడిక యుండితీరవలెను. మొదటిది యాకారము: ముఖమున కెన్ని సూదులు, ఏ వరుసలో నుండవలెను? రెండవది విద్యుత్సంకేతము: ఎన్ని వోల్టులున్నచో 1 అని, ఎన్ని యున్నచో 0 అని గ్రహింపవలెను? మూడవది భాష: ఎవరు ముందు మాటలాడవలెను, ఎంత వేగముగ, విన్నవారు విన్నట్లెట్లు తెలుపవలెను? ఈ మూడింటిని నిర్ణయించి వ్రాసిన పత్రమునకే ప్రమాణమని పేరు. కావున నీ ప్రమాణముల చరిత్ర తీగల చరిత్రకంటె నెక్కువగ మనుష్యులు తమలో దా మొడంబడిన చరిత్ర యని చెప్పవలసియున్నది.

వీనిలో మిక్కిలి ప్రాచీనమై చిరకాలము నిలిచినది ఆర్.యస్.-232 అనునది. అమెరికాదేశపు ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘమువారు దీనిని 1960లో బ్రకటించిరి. 1969లో వెలువడిన దాని మూడవ సవరణ లోకమంతటను వ్యాపించెను. టెలిప్రింటరువంటి టెర్మినలులను మోడెములతో గలుపుటయే దీని మొదటి యుద్దేశము. మోడెమనగా నంకెలను ధ్వనులుగ మార్చి టెలిఫోను తీగమీద బంపు యంత్రము. ఈ పద్ధతిలో బిట్టులు, అనగా 1, 0 అను గుఱుతులు, ఇరుకు గట్టుపై జనులు నడచినట్లు ఒకదాని వెనుక నొకటిగ నొకే తీగమీద బోవును. 3 మొదలు 15 వఱకు ధన వోల్టులున్నచో 0 అనియు, అంతే ఋణ వోల్టులున్నచో 1 అనియు నేర్పాటు. నడుమనున్న 3 వోల్టులకు లోబడిన దేదియు లెక్కకు రాదు. త్రోవలో జేరు చిన్న చిన్న యలజడులు సందేశమును జెఱుపకుండుటకే యీ జాగ్రత్త.

దీని గుణము సరళత. దీని దోషమేమన, పెక్కు విషయములను నిర్ణయింపక వాడుకొనువారికే విడిచిపెట్టెను. సెకనుకు 1200 బిట్టులా, 9600 బిట్టులా? అక్షరమునకు 7 బిట్టులా, 8 బిట్టులా? తప్పును గనిపెట్టుటకు బిట్టొకటి యధికముగ జేర్పవలెనా, వలదా? ఇవన్నియు రెండు చివరలను సమముగ నమర్పనిచో తెఱపై నర్థములేని గుఱుతులు మాత్రమే కనబడుచుండెను. మఱియు నొక చివర టెర్మినలు, రెండవ చివర మోడెము నుండునని తలంచి యీ ప్రమాణము వ్రాయబడినది. రెండు కంప్యూటరులనే నేరుగ గలుపవలసి వచ్చినచో నిద్దఱు నొకే తీగమీద మాటలాడుదురు, ఇద్దఱు నొకే తీగమీద నాలకింతురు. ఎవరి మాట యెవరికిని వినబడదు. అందుచే పంపు తీగను, గ్రహించు తీగను దారుమారు చేసిన ప్రత్యేకపు తీగ నుపయోగింపవలసి వచ్చెను.

ప్రింటరులకు మఱియొక మార్గమేర్పడెను. 1970లో సెంట్రానిక్స్ అను నమెరికా కంపెనీవారు తమ ప్రింటరుతో బాటు నొక క్రొత్త పద్ధతిని దెచ్చిరి. ఇందు తీగలు ప్రక్కప్రక్కనే యుండి, అక్షరమునకు గావలసిన బిట్టుల నన్నిటిని నొక్కమాఱే పంపును. “ఇదిగో అక్షరము” అని కంప్యూటరు తెలుపుట కొక తీగ, “పనిలో నున్నాను, ఆగుము” అని ప్రింటరు చెప్పుట కొక తీగ, “అందినది” అనుట కింకొక తీగ. ప్రింటరువైపున 36 కొనల ముఖముండెను. 1981లో ఐ.బి.యం. కంపెనీవారి పర్సనల్ కంప్యూటరు వెలువడినప్పుడు కంప్యూటరువైపున 25 రంధ్రముల గూటి నమర్చిరి. ఈ యేర్పాటును ముందుగ నే సంఘమును శాసింపలేదు. ఒకరిని జూచి యొకరనుకరింపగా వాడుకయే ప్రమాణమయ్యెను. ఐ.ఇ.ఇ.ఇ. సంస్థవారు దీనిని 1284వ సంఖ్యగల ప్రమాణముగ స్థిరపఱచునప్పటికి 1994వ సంవత్సరము వచ్చెను. మన గదిలోని ప్రింటరీ వంశమునకు జెందినదే.

ఇట్లు ఒక్కొక్క పని కొక్కొక్క తీగ పుట్టుచు వచ్చెను. ఐ.బి.యం. వారి మొదటి పర్సనల్ కంప్యూటరు కీబోర్డునకు 5 సూదుల గుండ్రని ముఖముండెను. 1987లో వారి పి.యస్./2 అను కంప్యూటరుతో 6 సూదుల చిన్న గుండ్రని ముఖము వచ్చెను. మౌసునకును నదే యాకారమును నిర్ణయించిరి గాని, ఒకదాని గూటిలో వేఱొకదానిని బెట్టినచో సాధారణముగ బనిచేయదు. పిమ్మట కీబోర్డునకు నూదారంగు, మౌసునకు నాకుపచ్చరంగు పూసి యీ పొరపాటును దప్పింప యత్నించిరి. ఆపిల్ కంపెనీవారు 1986 మొదలు తమ కీబోర్డులకు, మౌసులకు వేఱొక పద్ధతిని వాడిరి. డిస్కులకు, స్కానరులకు స్కజీ అను ప్రమాణము 1986లోనే యంగీకరింపబడెను. అందుపాంగములను గొలుసువలె గూర్చి, ఒక్కొక్కదానికి వేఱువేఱు సంఖ్యల నొసగి, గొలుసు కొసలను టెర్మినేటరులతో మూయవలెను. ఒకే సంఖ్య రెండింటికి బడినచో రెండును మొరాయించును.

వెలుపలి యాకారములకంటె లోపలి చిక్కు ఘనమైనది. ఉపాంగము పిలిచినప్పుడు కంప్యూటరు తాను జేయుచున్న పని నాపి వినవలెను గదా! 1984లో వెలువడిన ఐ.బి.యం. ఏ.టి. తరగతి కంప్యూటరులందు ఇట్టి పిలుపులకు 15 మార్గములు మాత్రమే యుండెను. గడియారము, కీబోర్డు, డిస్కులు వానిలో గొన్నిటిని ముందుగనే యాక్రమించెను. మొదటి సీరియలు పోర్టును మూడవదియు 4వ మార్గమును, రెండవదియు నాల్గవదియు 3వ మార్గమును బంచుకొనుచుండెను. మౌసును మొదటి పోర్టునకు, మోడెమును మూడవదానికి దగిల్చినచో, మోడెము పనిచేయ నారంభించినంతనే మౌసు కదలక నిలిచిపోవుట తఱచు. అప్పుడు పెట్టె విప్పి, లోపలి పలకలపై జంపరులను చిన్న తొడుగులను మార్చి, కంప్యూటరును మరల నారంభించి చూడవలెను. సామాన్యుడు స్కానరు నొకదానిని గొనితెచ్చినచో దానితో బాటు నిపుణుని గూడ పిలుచుకొని రావలసిన దినములవి.

ఈ దురవస్థను దొలగించుటకై 1994లో ఇంటెల్, మైక్రోసాఫ్టు, ఐ.బి.యం., కాంపాక్, డెక్, ఎన్.ఇ.సి., నార్టెల్ అను 7 కంపెనీలు కూడి యాలోచింప మొదలిడెను. వీరిలో బలువురు విపణియం దొకరితో నొకరు పోటీపడువారు. అయినను ప్రతివాడు తన తీగనే సాధింపవలెనన్నచో నెవ్వని సరకును విరివిగ నమ్ముడుపోదని గ్రహించిరి. ఇంటెల్ కంపెనీలో నీ పనికి ముఖ్యులైనవారిలో అజయ్ భట్ గారొకరు. వీరు బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయమున బట్టము పొంది అమెరికాకు వెళ్లిన భారతీయులు. తమ యింటివారు ప్రింటరుతో బడిన యవస్థను జూచి యీ యాలోచన కలిగెనని వీరు చెప్పియున్నారు. 1996 జనవరిలో యూనివర్సల్ సీరియల్ బస్ అను ప్రమాణముయొక్క మొదటి ప్రతి వెలువడెను. మనము నిత్యము వినుచున్న యూ.యస్.బి. యిదియే.

దాని నిర్మాణమును గమనింపుడు. తీగలు నాలుగు మాత్రమే. రెండు 5 వోల్టుల విద్యుచ్ఛక్తిని గొనిపోవును. రెండు సందేశమును గొనిపోవును. సందేశపు తీగలలో నొకటి పైకి బోవునప్పుడు రెండవది క్రిందికి దిగును. బయటి యలజడి రెండింటిని సమముగ దాకును గాన, వాని నడుమనున్న భేదము చెడదు. ప్లగ్గులోని నాలుగు రేకులను బరీక్షించినచో కొసలనున్న రెండును కొంచెము పొడవుగ నుండుట కనబడును. అవి విద్యుచ్ఛక్తివి. ప్లగ్గును దూర్చునప్పుడు శక్తి ముందుగ జేరి, సందేశము తరువాత జేరును; ఊడదీయునప్పుడు సందేశము ముందుగ దెగి, శక్తి తరువాత దెగును. కంప్యూటరు నడచుచుండగనే యుపాంగమును భయములేక పెట్టుటకును దీయుటకును వీలైన కారణములలో నిదియొకటి.

ఉపాంగము దగులుకొనగనే సందేశపు తీగలలో నొకదాని వోల్టును బైకి లాగి తన యునికిని దెలుపును. కంప్యూటరు దానిని మొదట 0 అను సంఖ్యతో బిలిచి, దానికి 1 మొదలు 127 లోపల నొక సంఖ్య నిచ్చును. పిదప, “నీ వెవరవు? నిన్ను జేసినవా రెవరు? నీకెంత విద్యుత్తు కావలెను?” అని యడుగును. ఉపాంగము తనలో వ్రాసియున్న సమాధానములను జెప్పును. తరగతిలో నుపాధ్యాయుడు పేరు పిలిచిననే విద్యార్థి పలుకునట్లు, ఇందు గంప్యూటరు ప్రశ్నింపనిదే యుపాంగము మాటలాడదు. అందుచే బిలుపుల తగవు లేదు, జంపరులు లేవు, మనము సంఖ్యలు పెట్టవలసిన పనిలేదు. పూర్వము మనుష్యుని నెత్తిపై నున్న భారమును బ్రమాణము తన నెత్తిపై వేసికొనెను.

ఇంత చక్కని యేర్పాటును నొక్కదినమున గెలువలేదు. 1996లో గంప్యూటరులకు గూళ్లు వచ్చినను దగిలించుటకు వస్తువులు కొలది. వస్తువులు కొలదిగ నుండుటచే గూళ్ల నడుగువారును గొలది. 1998 ఏప్రిల్ నెలలో చికాగో నగరపు ప్రదర్శనమున మైక్రోసాఫ్టువారు తమ విండోస్ 98ను జూపుచు స్కానరు నొకదానిని యూ.యస్.బి. తీగతో దగిలింపగా, సభవారి కన్నులయెదుటనే కంప్యూటరు నిలిచిపోయి నీలి తెఱ కనబడెను. అదే సంవత్సరము ఆగస్టులో ఆపిల్ కంపెనీవారు ఐమాక్ అను కంప్యూటరును వెలువరించిరి. తమ పాత కీబోర్డు పోర్టును, సీరియలు పోర్టును, స్కజీని, ఫ్లాపీ డిస్కును గూడ దొలగించి యూ.యస్.బి.నే యుంచిరి. ఈ సాహసము పలువురికి గష్టము కలిగించినను, యూ.యస్.బి. యుపాంగములను జేయువారికి నిశ్చయమైన గిరాకి నేర్పఱచెను.

అదే కాలమున ఫైర్‌వైర్ అను వేఱొక ప్రమాణముండెను. ఆపిల్ కంపెనీలో మొదలై 1995లో ఐ.ఇ.ఇ.ఇ. 1394గ నంగీకరింపబడిన యీ పద్ధతి సెకనుకు 40 కోట్ల బిట్టుల వఱకు బంపగలిగెను. నాటి యూ.యస్.బి. హెచ్చువేగము 1 కోటి 20 లక్షల బిట్టులు మాత్రమే. అట్లయ్యు నధికమైనది యోడి, యల్పమైనది గెలిచెను. ఫైర్‌వైరునకు బ్రతి యుపాంగమునందును వివేకముగల ఖరీదైన భాగముండవలెను, యూ.యస్.బి.లో వివేకమెల్ల గంప్యూటరునందే యుండుటచే నుపాంగము చౌక. దానికితోడు 1999లో ఫైర్‌వైరు పోర్టొక్కింటికి నొక డాలరు చొప్పున రుసుము గోరబడెను. ఆక్షేపణలు రాగా బిమ్మట నది యంత్రమునకు 25 సెంట్లుగ దగ్గింపబడెను గాని, యప్పటికే తయారుచేయువారి మనస్సులు మరలెను. యూ.యస్.బి. పత్రమును నెవ్వరైనను జదువుకొని రాయల్టీ లేకయే వస్తువును జేయవచ్చును. ముద్రను వాడుటకును, కంపెనీసంఖ్యను బొందుటకును మాత్రమే రుసుము కలదు. అందఱకు దెఱచిన తలుపు సామాన్యమైనదైనను, సుంకమడుగు సింహద్వారముకంటె నెక్కువమంది దానిలోనుండియే ప్రవేశింతురు.

అటుపై వేగము త్వరగ బెరిగెను. 2000 ఏప్రిల్‌లో రెండవ ప్రతి సెకనుకు 48 కోట్ల బిట్టులను, 2008 నవంబరులో మూడవ ప్రతి 500 కోట్ల బిట్టులను బంపుట కేర్పఱుపబడెను. కాని, ఒక్క తీగ కావలెనని బయలుదేరినవారి యింటనే తీగలు పెరిగెను. కంప్యూటరువైపునకు ఏ-ముఖము, ప్రింటరువైపునకు బి-ముఖము, కెమేరాలకు మినీ, ఫోనులకు మైక్రో అని పలు రూపములు పుట్టెను. రెండు చివరలను వేఱువేఱుగ జేయుట బుద్ధిపూర్వకమే. రెండు కంప్యూటరులను బొరపాటున నొకదానితో నొకటి కలుపకుండుట కది. ఏ-ముఖము తలక్రిందైన దూరదని మనము విసుగుకొనుచుందుము. ఇరువైపుల దూరునట్లు చేసినచో తీగలును భాగములును రెట్టింపై వెల పెరుగునని, చౌకగ నుండుటయే ముఖ్యమని తలంచితిమని భట్ గారు తరువాత వివరించిరి.

ఆ కొఱత 2014 ఆగస్టులో వెలువడిన టైప్-సి ముఖముతో దీరెను. ఇందు 24 కొనలు గలవు. అవి రెండు వరుసలుగ నమర్పబడుటచే నెట్లు దూర్చినను బనిచేయును. రెండు చివరల నొకే రూపము. దీనిచే తెఱకు బొమ్మను బంపవచ్చును. 2021లో వచ్చిన సవరణచే 240 వాట్ల వఱకు విద్యుచ్ఛక్తిని గూడ బంపవచ్చును. ఇచ్చట రాజ్యాంగాధికారమును బ్రవేశించెను. 2009లో ఐరోపా సంఘము ఫోను కంపెనీలచే స్వచ్ఛందముగ నొక సామాన్య చార్జరునకు సమ్మతింపజేసినను, ఏకరూపత సంపూర్ణము కాలేదు. అందుచే 2022లో శాసనమే చేసి, 2024 డిసెంబరు 28వ తేది మొదలు తమ దేశములలో నమ్మబడు క్రొత్త ఫోనులకు, టాబ్లెట్లకు, కెమేరాలకు టైప్-సి గూడుండవలెనని నిర్ణయించిరి. ల్యాప్‌టాప్ కంప్యూటరులకు 2026 ఏప్రిల్ 28వ తేదిని గడువుగ బెట్టిరి. 2012 మొదలు తన ఫోనులకు వేఱు తీగను వాడిన ఆపిల్ కంపెనీయు 2023 సెప్టెంబరులో టైప్-సికి మాఱెను. భారత ప్రమాణముల సంస్థవారును 2023 జనవరిలో దీనిని భారతీయ ప్రమాణముగ బ్రకటించిరి.

ఇంతటితో జిక్కులు తీరెనని తలంపరాదు. ఆకార మొకటియైనంతమాత్రమున శక్తి యొకటి కాదు. చూచుట కొకేరీతినున్న రెండు టైప్-సి తీగలలో నొకటి సెకనుకు 48 కోట్ల బిట్టులనే పంపవచ్చును, మఱొకటి 4,000 కోట్ల బిట్టులను బంపవచ్చును. ఒకటి 60 వాట్లకు, వేఱొకటి 240 వాట్లకు దగినది కావచ్చును. పేరులు గూడ గలతపెట్టును. 2008లో 3.0 అనబడిన వేగమునే 2013లో 3.1 మొదటి తరమనియు, 2017లో 3.2 మొదటి తరమనియు బిలిచిరి. వేగము మాత్రము మాఱలేదు. కావున దీగ గొనునప్పుడు ముఖమును మాత్రమే చూడక దానిపై వ్రాసిన వేగమును, వాట్లను జదువుట మంచిది.

ఇక మన ప్రింటరు కథ చెప్పి ముగింతును. ఒక చివర యూ.యస్.బి., రెండవ చివర 36 కొనల పాత ముఖముగల మార్పిడి తీగ యొకటి స్వల్పధరకే దొరకెను. దాని నడుమనున్న చిన్న చిప్పు ఆ భాషను వినినది యీ భాషలో జెప్పును. నన్ను బ్రశ్నించిన బాలుడే దానిని దగిలించెను. కంప్యూటరు ప్రింటరు నొకదానిని గంటినని తెలిపెను గాని, కాగితముపై నర్థములేని గుఱుతులు పడెను. “ఆకారము కుదిరినది, విద్యుత్తు కుదిరినది, ఇక కుదురనిది భాషయే కదండీ!” అని బాలుడనెను. ప్రింటరునకు దగిన డ్రైవరును వెదకి చేర్పగా, తొమ్మిదవ తరగతి హాజరుపట్టిక చక్కగ నచ్చుపడెను. ఆ యంత్రము నేటికిని మన కార్యాలయపు పట్టికలను ముద్రించుచున్నది.

విద్యార్థులారా! పనిచేయు వస్తువు చెడిపోయి పనికిమాలినదగుట సహజము. చెడకయే పనికిమాలినదగుట యొడంబడిక లేమిచే గలుగు నష్టము. ఆ నష్టమును ధనవంతుడు క్రొత్తది కొని మఱచును; పేదవానికిని, మనవంటి పాఠశాలలకును నది మఱువరానిది. మీలో గొందఱు ముందు ముందు యంత్రములను నిర్మింతురు. అప్పుడు మీరు పెట్టు గూడు ఎవరి తీగకు దెఱచియుండునో, ఎవరి తీగకు మూసికొనునో తలంచుకొని మఱి పెట్టుడు.